పంచదార తగ్గించి సహజమైన తీపి వాడాలంటే: గోదావరి వంటింటికి ఒక సమగ్ర మార్గదర్శి

గోదావరి జిల్లాల ఇళ్లలో తీపి తగలని రోజు అరుదు. పొద్దున్న టీ, మధ్యాహ్నం పులుసులో బెల్లం ముక్క, సాయంత్రం చుట్టాలొస్తే పళ్లెంలో కాజా, పండగొస్తే బూరెలు, అరిసెలు. ఇటీవల ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగి చాలామంది పంచదార డబ్బా పక్కన పెట్టి బెల్లం పొడి, తేనె, తాటి బెల్లం, స్టీవియా చుక్కలు తెచ్చుకుంటున్నారు. ఆ శ్రద్ధ మంచిదే. కానీ "బెల్లమే కదా, ఏం కాదు" అని చెంచా నిండుగా వేసుకుంటే ఒంటికి అందే చక్కెర తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఇండియాబ్ అనే మధుమేహ అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లు దాటారు. ఇలాంటి రోజుల్లో తీపి పేరు మార్చుకుని తృప్తి పడితే సరిపోదు.

అందుకే ఈ మార్గదర్శి వరుస ఇలా ఉంటుంది: ముందు ఇంట్లో తీపి ఎంత ఖర్చవుతోందో కొలవాలి, తర్వాత తగ్గించాలి, ఆ తర్వాతే మార్చాలి. ఈ వరుస తలకిందులైతే ఎంత ఖరీదైన తేనె కొన్నా ఉపయోగం ఉండదు.

మొదటి మెట్టు: కొట్టు చీటీతో లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ఇది. మనం రోజూ తీసుకునే శక్తిలో అదనపు చక్కెరల వాటా 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకు 2000 కిలోకేలరీలు తినేవారికి అది 50 గ్రాములు, ఇంకా మేలైన హద్దు 25 గ్రాములు. సమంగా గీసిన ఆరు టీ చెంచాల పంచదార అన్నమాట. ఈ లెక్కలోకి పంచదార, బెల్లంతో పాటు తేనె, పాకాలు, పండ్ల రసాలు కూడా వస్తాయి. కోసుకుని తినే పండు, పాలలో సహజంగా ఉండే చక్కెర ఇందులోకి రావు.

ఇప్పుడు గత నెల సరుకుల చీటీ ముందు పెట్టుకోండి. నలుగురున్న ఇంటికి నెలకు 3 కిలోల పంచదార, 1 కిలో బెల్లం వచ్చాయనుకుందాం. మొత్తం 4000 గ్రాములు. నలుగురికి 30 రోజులంటే 120 భాగాలు. ఒక్కొక్కరికి రోజుకు 33 గ్రాములు. బయట తాగిన టీ, బిస్కెట్లు, పెళ్లి భోజనంలో తిన్న స్వీటు ఇంకా కలపనే లేదు. అప్పటికే 25 దాటిపోయింది. ఈ ఒక్క లెక్క ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చేయండి. ఎవరినీ మందలించే పని లేకుండా విషయం అందరికీ అర్థమవుతుంది.

చెంచాను కూడా ఒకసారి తూచి చూడటం మంచిది. గీసిన టీ చెంచాలో పంచదార 4 గ్రాములు పట్టే చోట గోపురంలా తీస్తే 6, 7 గ్రాములు వస్తుంది. చిన్న డిజిటల్ తూకం ఉంటే సరే, లేకపోతే కొలత చెంచాల గుత్తి ఒకటి చాలు. ప్యాకెట్ సరుకుల మీద పోషక విలువల పట్టిక చదవడం కూడా అలవాటు చేసుకోండి. పిల్లలకు పాలలో కలిపే పొడుల్లోనూ, టమాటా సాసులోనూ చక్కెర ఎంతుందో చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు.

రెండో మెట్టు: టీ, పులుసు

రోజుకు మూడు టీలు, ఒక్కో దానిలో రెండు చెంచాలు. అక్కడికే 24 గ్రాములు. రోజంతటికీ ఉన్న హద్దు టీ గ్లాసులోనే అయిపోతోంది. కనుక తగ్గించడం ఇక్కడే మొదలుపెట్టాలి. ఒక్కసారిగా మానేస్తే రెండు రోజుల్లో మళ్లీ మొదటికి వస్తారు. వారానికో పది రోజులకో పావు చెంచా చొప్పున తగ్గించండి. నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. పాత కొలతతో పెట్టిన టీ ఆ తర్వాత వెగటుగా అనిపిస్తుంది. అల్లం, యాలకులు కాస్త ఎక్కువ వేస్తే తీపి తగ్గిన సంగతి అంతగా తెలియదు.

పులుసు సంగతి మన జిల్లాలకు ప్రత్యేకం. ముక్కల పులుసులో, కొన్ని పచ్చళ్లలో బెల్లం పడనిదే మన నోటికి రుచించదు. ఆ బెల్లం ఉన్నది చింతపండు పులుపును సర్దడానికి. కాబట్టి బెల్లం తగ్గించాలంటే ముందు చింతపండు తగ్గించాలి. నిమ్మకాయంత వేసే చోట ఉసిరికాయంత వేసి చూడండి, బెల్లం సగానికి సగం దానంతట అదే తగ్గుతుంది. ముక్కల్లో తీపి గుమ్మడి, చిలగడదుంప, ఉల్లిపాయలు ఉంటే ఆ కూరగాయల తీపే పులుసుకు సరిపోతుంది. ఈ ఒక్క మార్పుతో వంట రుచి చెడకుండా తీపి తగ్గడం నేను చాలా ఇళ్లలో చూశాను.

మూడో మెట్టు: ఏ తీపి దేనికి

బెల్లం. గ్రాము పంచదారకు 4 కిలోకేలరీలు, బెల్లానికి తేమ ఉన్నందువల్ల కొంచెం తక్కువ. తేడా అంతే. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజు, అంటే పంచదారలో ఉండేదే. "ఇనుము ఉంటుంది కదా" అని అడుగుతారు. ఉంటుంది. కానీ 10 గ్రాముల ముక్కలో అర మిల్లీగ్రాముకు అటూ ఇటూ. ఐసీఎంఆర్ 2020 సిఫారసుల ప్రకారం మహిళలకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. రక్తహీనత ఉన్నవారు బెల్లాన్ని నమ్ముకోకుండా ఆకుకూరలు, పప్పులు, మాంసాహారులైతే మాంసం, వైద్యులు ఇచ్చిన మాత్రలు తీసుకోవాలి. మరి బెల్లం గొప్పతనం ఎక్కడుంది? దాని వాసనలో, రుచి గాఢతలో. పంచదారకు తీపి తప్ప వేరే రుచి లేదు. బెల్లానికి ఉంది కనుక తక్కువ వేసినా వంట నిండుగా అనిపిస్తుంది. ఆ గుణాన్ని వాడుకుంటేనే మార్పు ఫలిస్తుంది.

కొనేటప్పుడు నిమ్మపండు రంగులో మెరిసే బెల్లం జోలికి పోవద్దు. చెరకు రసం కాచేటప్పుడు రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపేవారున్నారు. దాని వల్ల బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ మిగులుతుంది. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం అది కిలోకు 70 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ అంకె కంటితో తెలిసేది కాదు కనుక ముదురు గోధుమ రంగు బెల్లం తీసుకోవడమే క్షేమం. చిటికెడు నాలుక మీద వేసుకుంటే చేదు తగిలితే పాకం మాడిందన్నమాట. సంక్రాంతి నాటికి కొత్త బెల్లం వస్తుంది. అనకాపల్లి నుంచి వచ్చినా, చుట్టుపక్కల గానుగల దగ్గర వండినా, ఏడాదికి సరిపడా ఒకేసారి కొనవద్దు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వర్షాలు మొదలయ్యేసరికి దిమ్మ చెమ్మగిల్లి కారుతుంది, బూజు పడుతుంది. రెండు నెలలకు సరిపడా తెచ్చుకుని గాలి చొరబడని డబ్బాలో పెట్టుకోండి.

తాటి బెల్లం. నా దృష్టిలో ఈ నేల మీద దొరికే తీపుల్లో రుచికి ఇదే ముందు. తాటి చెట్టు పూగెల కొసను గీత కార్మికులు రోజూ పలచగా చెక్కి, లోపల సున్నం పూసిన ముంత కడతారు. చుక్కచుక్కగా దిగే నీరా ఆ సున్నం వల్ల పులవకుండా నిలుస్తుంది. సున్నం లేకపోతే పొద్దెక్కే లోపే కల్లుగా మారిపోతుంది. చీకటితోనే దించి, వడకట్టి, వెడల్పాటి పెనంలో గంటల తరబడి కాస్తే ముదురు గోధుమ రంగు పాకం వస్తుంది. అది అచ్చుల్లో పోస్తే తాటి బెల్లం. ఎండాకాలపు గీత పని ఎంత ప్రమాదంతో కూడినదో, ఎన్ని లీటర్ల నీరా కాస్తే ఒక కిలో వస్తుందో తెలిసినవారు దాని ధర ఎక్కువని అనరు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానం తాటి మీద, నీరా ఉత్పత్తుల మీద పనిచేస్తోంది.

కల్తీ కూడా ఇక్కడే ఎక్కువ. చెరకు బెల్లానికి రంగు వేసి తాటి బెల్లమని అమ్ముతారు. అసలైనదానికి కొద్దిగా పొగ వాసన, మట్టి వాసన కలిసిన ప్రత్యేకమైన గుణం ఉంటుంది, చేత్తో నలిపితే మెత్తగా జిగటగా తగులుతుంది. నీళ్లలో కరిగిస్తే అడుగున కొద్దిగా సున్నపు మడ్డి కనిపించవచ్చు, వడకట్టుకుంటే చాలు. ఇవేవీ పూర్తి రుజువులు కావు. వండేవారి దగ్గర నేరుగా కొనడమే నమ్మకమైన దారి. ఇంకో మాట. తాటి బెల్లం రక్తంలో చక్కెరను పెంచదని ప్యాకెట్ల మీద రాస్తున్నారు. ఇందులోనూ అధిక భాగం సుక్రోజే. షుగరు ఉన్నవారు ఆ రాతలు చూసి ధైర్యం చేయవద్దు. కొబ్బరి పూగుత్తి నుంచి తీసే కొబ్బరి చక్కెర విషయంలోనూ ఇదే మాట.

తేనె. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో తేనె, నిమ్మరసం కలుపుకుని తాగితే బరువు తగ్గుతారని చాలామంది నమ్ముతారు. ఒక పెద్ద చెంచా తేనె 21 గ్రాములు తూగుతుంది, అందులో 17 గ్రాములు చక్కెరలే. రోజు మొదలవకముందే హద్దులో సగానికి పైగా ఖర్చయిందన్నమాట. తాగాలనుకుంటే టీ చెంచాతో ఒకటి చాలు. తేనెను మరిగించవద్దు, దాని సువాసనంతా పోతుంది. గ్లాసు నీళ్లలో వేస్తే కరగకుండా అడుగుకు దిగితే అసలైనదనీ, వత్తికి పూసి వెలిగిస్తే మండుతుందనీ చేసే ఇంటి పరీక్షలు నమ్మదగినవి కావు, పాకం కలిపిన తేనె కూడా వాటిలో నెగ్గుతుంది. సీసా అడుగున గడ్డకట్టినంత మాత్రాన కల్తీ అనుకుని పారబోయకండి, మంచి తేనె కూడా పేరుకుంటుంది. వేడి నీళ్ల గిన్నెలో సీసా ఉంచితే కరుగుతుంది. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరికే అడవి తేనె నా వరకు మంచి ఎంపిక.

పండ్లు, ఖర్జూరం. అన్నిటిలోకీ నేను గట్టిగా సిఫారసు చేసేది ఇదే. రావులపాలెం గెలల మార్కెట్ ఉన్న ప్రాంతంలో ఉంటూ రాగి జావలో పంచదార వేసుకోవలసిన అవసరం ఏముంది? బాగా మగ్గిన చక్కరకేళి ఒకటి చిదిమి, జావ చల్లారాక కలిపితే తీపితో పాటు పీచు కూడా అందుతుంది. ఖర్జూరంలో బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే అయినా, పీచు ఉండటం వల్ల రెండు మూడు పండ్లకే కడుపు నిండినట్లు ఉంటుంది. అదే ఖర్జూర పాకమైతే ఆ పీచు పోతుంది, దాన్ని పంచదార కింద లెక్కగట్టండి. రసం తీసినా అంతే. ఒక గ్లాసు చెరకు రసంలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. మామిడి తాండ్ర పండు కాదు, ఎండబెట్టి చిక్కబరచిన తీపి. చాలా చోట్ల అందులో పంచదారో బెల్లమో కూడా కలుపుతారు. ఎండాకాలంలో మాత్రం తాటి ముంజలు నిస్సంకోచంగా తినవచ్చు, వాటిలో ఉండేది చాలావరకు నీరే. కొబ్బరి బొండం కూడా శీతల పానీయాల కంటే ఎన్నో రెట్లు మేలు.

స్టీవియా. పరాగ్వే ప్రాంతపు మొక్క. దాని ఆకుల నుంచి తీసిన సారం పంచదార కంటే 200 నుంచి 300 రెట్లు తియ్యగా ఉంటుంది, శక్తి దాదాపు సున్నా. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2015లో దీన్ని అనుమతించింది. టీకి, మజ్జిగకు, నిమ్మరసానికి పనికొస్తుంది. ఎక్కువైతే చివర చేదు తగులుతుంది. పొడి ప్యాకెట్లలో పరిమాణం కోసం మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్ లాంటివి కలుపుతారు, అవి రక్తంలో చక్కెరను పెంచుతాయి. అట్ట వెనక చదివి కొనండి. బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఆ సూచన ఇప్పటికే మధుమేహం ఉన్నవారిని ఉద్దేశించింది కాదు. వారు వైద్యుడి సలహాతో కొలతగా వాడుకోవచ్చు.

నాలుగో మెట్టు: వంటలో మార్పు

పరమాన్నం తీసుకుందాం. మామూలుగా 100 గ్రాముల బియ్యానికి 150 నుంచి 200 గ్రాముల బెల్లం వేస్తారు. తాటి బెల్లమైతే 90 గ్రాములు సరిపోతుంది. బియ్యం కడిగి అరగంట నానబెట్టి, లీటరు పాలలో సన్నటి సెగ మీద ఉడికించండి. గరిటె వెనక మెతుకు నొక్కితే వెన్నలా చితకాలి. అంతవరకు తీపి దగ్గరికి రానివ్వవద్దు. బియ్యం పూర్తిగా ఉడకక ముందే బెల్లం పడితే మెతుకు బిరుసెక్కి ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. వేరే గిన్నెలో తాటి బెల్లాన్ని పావు కప్పు నీళ్లతో కరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టండి. గుడ్డలో మిగిలే నలకలు, ఇసుక చూస్తే ఈ పని ఎందుకో తెలుస్తుంది. ఇక అసలు మెలకువ: పొయ్యి ఆపి, పరమాన్నం పది నిమిషాలు ఆరనిచ్చి, పాకం కూడా గోరువెచ్చగా అయ్యాక సన్నటి ధారగా పోస్తూ కలపాలి. బెల్లంలో కొద్దిపాటి పులుపు గుణం ఉంటుంది, మరిగే పాలలో పడితే పాలు విరుగుతాయి. ఒకసారి ధార పోసి రంగు చూడండి. తెల్లటి పాలు లేత గోధుమ రంగులోకి తిరిగి, అంచుల దగ్గర నునుపుగా ఉంటే సరిగా కుదిరినట్టే. చిన్న తరకలు కనిపిస్తే పోయడం ఆపి ఇంకా చల్లారనివ్వండి. యాలకుల పొడి, పచ్చి కొబ్బరి ముక్కలు నేతిలో వేయించి కలిపితే ఆరు గిన్నెలవుతుంది, ఒక్కో గిన్నెకు 15 గ్రాముల బెల్లం.

సున్నుండలకు 250 గ్రాముల మినప్పప్పు ఎర్రగా, కమ్మటి వాసన వచ్చేదాకా సన్నటి సెగ మీద వేయించి, కొద్దిగా రవ్వ ఉండేలా పిండి పట్టండి. బెల్లం పప్పుతో సమంగా కాకుండా సగం, అంటే 125 గ్రాములు వేసి, తరిగిన ఖర్జూరం 50 గ్రాములు కలపండి. ఖర్జూరం జిగట వల్ల ఉండ విరగదు, నెయ్యి కూడా కొంత తగ్గించవచ్చు. 20 ఉండలు చేస్తే ఒక్కోదానిలో 6 గ్రాములకు కాస్త పైన బెల్లం పడుతుంది. ఖర్జూరంలో తేమ ఉంటుంది కనుక ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు తినేయాలి.

అరిసెలు, కాజాలు, పాకం పట్టే ఏ పిండివంటలోనూ స్టీవియా పనికిరాదు. పాకం రావాలంటే చక్కెరే కావాలి. ఇలాంటి చోట మార్పులు చేసి వంట పాడుచేయడం కంటే, ఎప్పటిలాగే వండి తక్కువ తినడం మేలు. అరిసె పరిమాణాన్ని బట్టి ఒక్కోదానిలో 10, 15 గ్రాముల బెల్లం ఉంటుంది. సంక్రాంతి రోజున ఒకటి పూర్తిగా ఆస్వాదించి తినండి, ఆ రోజు టీలో తీపి మానేయండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది మన అందరికీ గర్వకారణం. అయితే బెల్లం పూతరేకులు ఆరోగ్యకరమని రోజూ ఒకటి తినడం సరికాదు. పంచదారవైనా బెల్లంవైనా అప్పుడప్పుడు తినేవే.

బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు కష్టం తెలిసిందే. "ఇంకొక్కటి వేసుకోండి అల్లుడుగారూ" అని అత్తగారు పళ్లెంతో నిలబడితే కాదనడం మర్యాద కాదనిపిస్తుంది. వెళ్లగానే "అత్తయ్యగారూ, ఈమధ్య తీపి తగ్గించానండి, ఒక్కటి మాత్రం మీ చేత్తో పెట్టండి" అని ముందే చెప్పేయడం మంచిది. పెట్టేవారికీ తృప్తి, తినేవారికీ ఇబ్బంది ఉండదు.

ఐదో మెట్టు: ఎవరు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి

ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించవద్దు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. తేనెలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెస్తాయి. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఈ ప్రమాదం ఉంటుంది. పెద్దలకు నచ్చజెప్పి ఈ ఆచారాన్ని మాన్పించండి. రెండేళ్ల లోపు పిల్లల ఆహారంలో పంచదార, బెల్లం అసలు కలపకపోవడమే ఉత్తమం.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం ప్రమాదం. బెల్లం, ఖర్జూరం, కొబ్బరి నీళ్లు, అరటిపండు వైద్యుడిని అడిగే తీసుకోవాలి. బెల్లం, ఖర్జూరం పళ్లకు అంటుకుని ఉంటాయి కనుక తిన్న వెంటనే నోరు పుక్కిలించాలి.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారు ఉన్న ఇంట్లో మాత్రం పంచదారను పూర్తిగా బయట పడేయవద్దు. భోజనం ఆలస్యమైనప్పుడో మోతాదు ఎక్కువైనప్పుడో రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. ఆ సమయంలో స్టీవియా ఏ మాత్రం పనిచేయదు. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు, లేదా నాలుగు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలాగి మీటరుతో చూసి, ఇంకా 70 కంటే తక్కువ ఉంటే మళ్లీ అంతే ఇవ్వాలి. కుదుటపడ్డాక భోజనం పెట్టాలి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో పిల్లలకు కూడా ఈ నాలుగు పనులు ముందే నేర్పి, గ్లూకోజు పొట్లం ఎక్కడుందో చూపించి ఉంచండి.